వేదికకూ స్టూడియోకూ ఒకే మిక్సర్: కొనేముందు నేను చూసుకున్నవి

మా కచేరీల రికార్డింగుల మీద ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు. మృదంగం వినపడదు. హాల్లో అందరూ తల ఊపుతూ విన్న తని ఆవర్తనం (మృదంగం, ఘటం మాత్రమే వాయించే భాగం), ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో పెడితే పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు ఉండేది. మృదంగం వాయించే గురువుగారు పైకి ఏమీ అనేవారు కాదు. ఒకసారి మాత్రం, "ఇది మన పిల్లలకి వినిపించలేం కదయ్యా" అన్నారు. కొత్త మిక్సర్ (మైకులన్నిటి శబ్దాన్నీ కలిపి పంపే పెట్టె) కోసం నేను గట్టిగా వెతకడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

కారణం మిక్సర్ చెడిపోవడం కాదు. చిన్న హాల్లో మృదంగం, ఘటం వాటంతట అవే గట్టిగా మోగుతాయి. అందుకని సౌండ్ బాక్సుల్లోకి వాటిని కొంచెమే పంపుతాం, గాత్రాన్ని, వయొలిన్‌ని ఎక్కువ పంపుతాం. మా పాత మిక్సర్ యూఎస్‌బీ నుంచి కంప్యూటర్‌కి వెళ్లేది సరిగ్గా ఆ బాక్సులకు వెళ్లే మిక్సే. ఎడమ, కుడి, రెండే ట్రాకులు. హాల్లో నేరుగా చెవికి అందిన మృదంగం అందులో ఉండదు. రెండు ట్రాకుల్లో కలిసిపోయాక ఏ ఈక్యూ (సన్నని, మందమైన శబ్దాల పాళ్లు మార్చే బటన్లు) తిప్పినా గాత్రం నుంచి మృదంగాన్ని విడదీయలేం. హాలుకి బాగున్న మిక్స్ రికార్డింగుకి బాగుండదు. రెండూ ఒకే పెట్టెతో చేయాలనుకునేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే.

మాది గుంటూరు జిల్లా. త్యాగరాజ ఆరాధనలు, శ్రీరామనవమి పందిళ్లు, దసరా, గుళ్లలో ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉంటుంది. మిగతా రోజుల్లో ఇంట్లో ఒక గదిలో భక్తిగీతాలు, పిల్లల పాటలు రికార్డు చేస్తాం. కాబట్టి మిక్సర్ రెండు పనులకీ రావాలి, ఆటోలో పట్టాలి, నేను లేనప్పుడు ఇంకొకరు చేతిలోకి తీసుకున్నా పని జరగాలి.

డిజిటల్ తీసుకోమని చాలామంది చెప్పారు. బెరింగర్ ఎక్స్ఆర్18 లాంటిదాంట్లో 16 మైక్ ప్రీఆంప్‌లు (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచేవి), కంప్యూటర్‌కి 18 ట్రాకులు వస్తాయి. కాగితం మీద దానికి సాటి లేదు. కానీ దాన్ని ట్యాబ్‌లో చూస్తూ నడపాలి. మా పందిట్లో మైకు కూతపెడితే దగ్గరున్నవాళ్లెవరో చెయ్యి చాచి ఫేడర్ (ఒక్కో మైకు శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట) దించగలగాలి. ఇంకో సంగతి కరెంటు. కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు అనలాగ్ మిక్సర్ ఎక్కడున్నది అక్కడి నుంచే మోగుతుంది. డిజిటల్ మిక్సర్ మళ్లీ బూట్ అయ్యేదాకా గాయకులు, జనం అంతా మన మొహం చూస్తూ కూర్చుంటారు. అనలాగ్‌లో సెట్టింగులు సేవ్ చేసుకునే వీలు లేదు, నిజమే. దానికి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటున్నాను, ఇబ్బంది లేదు.

అనలాగ్ అని తేల్చుకున్నాక అసలు తేడాలు కనబడ్డాయి. షాపుల్లో ఏది అడిగినా, "యూఎస్‌బీ ఉంది సార్, డైరెక్ట్ రికార్డింగ్" అనే అంటారు. అది అబద్ధం కాదు, కానీ మన పనికి సరిపోయే జవాబూ కాదు. యమహా ఎంజీ12ఎక్స్‌యూ వేదిక మీద చాలా మంచి మిక్సర్. దాని కంప్రెసర్ (శబ్దం మరీ పెరగకుండా అదుపు చేసేది), ఎఫెక్టులు నేను వాడి చూశాను. కానీ యూఎస్‌బీలో రెండు ట్రాకులే వెళ్తాయి. మ్యాకీ కంపెనీ ప్రొఎఫ్ఎక్స్ వి3 వరస కూడా రెండు ట్రాకులే పంపుతుంది. అలెన్ అండ్ హీత్ జెడ్‌ఐ-10 నాలుగు పంపుతుంది. ఒకరు పాడి ఒకరు హార్మోనియం వాయించే చోట అది చాలు. మాకు చాలదు.

ఎక్కువ ట్రాకులు పంపేవాటిలో నా చేతికి అందే ధరల్లో మూడు మిగిలాయి. ప్రీసోనస్ స్టూడియోలైవ్ ఏఆర్12 కంప్యూటర్‌కి 14 ట్రాకులు పంపి, వెనక్కి 4 తీసుకుంటుంది. టాస్కామ్ మోడల్ 12 పంపేవి 12, తీసుకునేవి 10. పైగా కంప్యూటర్ లేకుండానే ఎస్‌డీ కార్డులో ట్రాకులు విడివిడిగా రికార్డు చేస్తుంది. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే 14 పంపి 12 తీసుకుంటుంది.

వెనక్కి వచ్చే ట్రాకులు దేనికని చాలామంది అడుగుతారు. రికార్డు చేసిన మృదంగం ట్రాక్ మళ్లీ మృదంగం ఛానెల్లోకే (మిక్సర్ మీద ఆ మైకుకున్న వరసలోకే) వచ్చిందనుకోండి, అదే ఈక్యూ, అదే ఫేడర్, అదే ఎఫెక్టుతో దాన్ని మిక్స్ చేసుకోవచ్చు. కళాకారులెవరూ లేకుండా నిన్నటి కచేరీని ఇవాళ మిక్సర్ మీద మళ్లీ నడపొచ్చు. దీన్నే వర్చువల్ సౌండ్‌చెక్ అంటారు. మా దగ్గర సౌండ్ నేర్చుకుంటున్న కుర్రాడు పని పట్టుకున్నది ఇలాగే. నిజం కచేరీలో అతనికి గాత్రం ఫేడర్ అప్పగించలేను, రికార్డింగ్ మీద ఎన్నిసార్లు తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు. వచ్చేవి నాలుగే అయితే ఇది కుదరదు.

ట్రాకుల లెక్క కన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. యూఎస్‌బీకి వెళ్లే శబ్దాన్ని ఛానెల్లో ఏ చోట నుంచి తీసుకుంటున్నారు? మైక్ నుంచి వచ్చిన శబ్దం గెయిన్ (మైకు శబ్దాన్ని మొదట్లోనే పెంచేది), లో కట్ (మరీ మందమైన శబ్దాలను కోసేది), ఈక్యూ, ఫేడర్ ఇలా ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ పోతుంది. ఫేడర్ తర్వాత తీస్తే పాత కథే, హాలు కోసం దించిన మృదంగం రికార్డింగులోనూ దిగిపోతుంది. ఈక్యూ తర్వాత తీస్తే, కూత రాకుండా హాల్లో కోసేసిన ఫ్రీక్వెన్సీలు రికార్డింగులో కూడా పోతాయి. అవి తిరిగి రావు. మాన్యువల్ చివర్లో బ్లాక్ డయాగ్రమ్ అని ఒక బొమ్మ ఉంటుంది. కంపెనీల సైట్లలో మాన్యువల్స్ ఉచితంగానే దొరుకుతాయి. ఆ బొమ్మలో ఒక ఛానెల్ గీతను వేలు పెట్టి చివరిదాకా చూస్తే యూఎస్‌బీ బాణం ఎక్కడ విడిపోతుందో తెలిసిపోతుంది. కొనేముందు ఆ గంటసేపు కూర్చోవడం చాలా అవసరం.

హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక షాపులో మా మైకు, నా హెడ్‌ఫోన్స్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసిన ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి చూశాను. రీపర్‌ని 60 రోజులు ఉచితంగా వాడి చూడనిస్తారు, ఇలాంటి పరీక్షలకు భలే పనికొస్తుంది. ముందు మైకు పెట్టి, ఎవరూ మాట్లాడకుండా, గెయిన్ బాగా పెంచి ఎంత బుస వస్తుందో విన్నాను. తర్వాత ఆ ఛానెల్ ఫేడర్ పూర్తిగా దించేసి రికార్డు నొక్కి, "ఒకటి, రెండు, మూడు" అన్నాను. బాక్సుల్లో ఏమీ లేదు. రీపర్‌లో మాత్రం గీత లేచింది, అంటే శబ్దాన్ని ఫేడర్ కన్నా ముందే తీసుకుంటోంది. ఇక ఈక్యూ బటన్లు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతూ, ఆ మార్పు రికార్డింగులోకి వస్తోందా అని ఇంకోసారి రికార్డు చేసి విన్నాను. షాపాయన పక్కన నిలబడి ఓపిగ్గా చూసి, "ఇలా ఎవరూ అడగలేదండీ" అన్నారు. మీరు అడగండి, అడిగితే చూపిస్తారు.

చివరికి సిగ్నేచర్ 12 ఎంటీకే తీసుకున్నాం. ఎనిమిది మైక్ ఇన్‌పుట్లు మా అవసరానికి సరిగ్గా సరిపోయాయి. గాత్రం, సహగాత్రం, వయొలిన్, మృదంగానికి కుడి ఎడమలకు రెండు, ఘటం. మిగిలిన రెండూ జనం వైపు తిప్పి పెట్టే కండెన్సర్ మైకులకు. వాటి ఫేడర్లు కచేరీ అంతా కిందికే ఉంటాయి, బాక్సుల్లోకి ఒక్క చుక్క వెళ్లదు. ట్రాక్ మాత్రం రికార్డవుతుంది. చప్పట్లు, "భేష్" అనే మాట, హాలు గాలి అన్నీ అందులోంచే వస్తాయి. ఆ రెండు ట్రాకులు కొంచెం కలపగానే రికార్డింగుకి ప్రాణం వస్తుంది. ఎలక్ట్రానిక్ తంబురాకి స్టీరియో ఛానెల్ ఒకటి. కండెన్సర్లకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే మిక్సర్ పంపే కరెంటు) కావాలి. ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకులకు, ఎక్స్ఎల్ఆర్ కేబుల్ సరిగ్గా ఉంటే, ఫాంటమ్ వల్ల హాని లేదు. టెన్షన్ పడక్కర్లేదు.

వాడకంలో పడ్డాక అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరేది గెయిన్. వేదికకీ, మానిటర్లకీ (కళాకారులు తమ శబ్దం వినే బాక్సులకీ), రికార్డింగుకీ మూడింటికీ అది ఉమ్మడి. కచేరీ మధ్యలో గెయిన్ కదిపితే మూడు చోట్లా తేడా వస్తుంది. అందుకని సౌండ్‌చెక్‌లో గాయకులను చరణంలో పై షడ్జమం దాకా పాడమంటాను. మెల్లగా "హలో హలో" అంటే లెవెల్ తెలియదు. ఆ గట్టి చోట రీపర్ మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టి, ఇక దాన్ని ముట్టుకోను. అంతా ఫేడర్ల మీదే. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు లెవెల్ కాస్త తక్కువైనా తర్వాత పెంచుకోవచ్చు. పైన తగిలి పగిలిన శబ్దాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

హార్డ్ డిస్క్ లెక్క ముందే వేసుకోవాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. 14 ట్రాకులు కలిపి గంటకి 7 జీబీ పైన. మూడు గంటల కచేరీకి 22 జీబీ దాకా పోతుంది. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు కాబట్టి ల్యాప్‌టాప్ మిక్సర్ పక్కనే ఉండాలి. వైఫై ఆపేస్తాను, స్లీప్ ఆపేస్తాను. విండోస్‌లో కంపెనీ ఇచ్చే డ్రైవర్ వేసుకోకపోతే ట్రాకులన్నీ కనబడవు, దాన్ని ఇంటి దగ్గరే వేసుకుని చూసుకోవాలి.

కరెంటు గురించి పైన చెప్పిందానికి ఇంకో ముఖం ఉంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, మిక్సర్ ఆరిపోతుంది, యూఎస్‌బీ తెగిపోతుంది, రికార్డింగ్ అక్కడితో ఆగుతుంది. జనరేటర్ వచ్చాక పాట వినిపిస్తుంది కాబట్టి రికార్డింగ్ ఆగిందని ఎవరికీ తట్టదు. అందుకే మిక్సర్‌కి ప్యూర్ సైన్‌వేవ్ ఇచ్చే చిన్న యూపీఎస్ పెట్టాం. ఒక ఆరాధన రోజు పంచరత్న కీర్తనల మధ్యలో కరెంటు పోయింది. ఆంప్లిఫయర్లు ఆగాయి, గాయకులు మైకు లేకుండానే పాడుతూ వెళ్లారు, జనరేటర్ అందుకుంది. రికార్డింగులో ఆ చోట ఏ తెగుబాటూ లేదు. పైగా బాక్సులు లేని ఆ కాసేపు గొంతులు ఎంత నిండుగా ఉన్నాయో ఆ ట్రాకుల్లోనే విన్నాం.

హమ్ (బాక్సుల్లో ఆగకుండా వచ్చే మోత) సమస్య అందరికీ వస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తగిలించగానే బాక్సుల్లో "బ్‌ర్‌ర్" మంటే చాలావరకు గ్రౌండ్ లూపే, అంటే పరికరాల ఎర్త్ తీగలు ఒకటికి మించిన దారుల్లో కలిసి చుట్టులా మారడం. మిక్సర్, ల్యాప్‌టాప్, కీబోర్డు అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. కీబోర్డుకి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (కీబోర్డు లాంటివాటిని మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి కలిపే చిన్న పెట్టె) పెట్టండి. కచేరీ సేపు ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపినా తగ్గుతుంది. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసే అలవాటు పందిళ్లలో చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి. తడి నేల మీద కూర్చుని ఇనుప మైకు పట్టుకునేది మనవాళ్లే.

ఇంట్లో స్టూడియో పని తేలిక. పాడేవాళ్లకి వాళ్ల గొంతు మిక్సర్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్స్‌లోకి వెళ్తుంది, కంప్యూటర్ చుట్టూ తిరిగి రాదు కాబట్టి ఆలస్యం ఉండదు. రీపర్‌లో ఆ ట్రాక్ మానిటర్ (రికార్డవుతున్నదాన్ని వెనక్కి వినిపించే బటన్) ఆపేయాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినపడుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దపు ముక్క, శాంపిళ్లలో) 256 పెడితే ఆ ఒక్కచోటే 5 మిల్లీసెకన్ల పైన ఆలస్యం, వెళ్లిరావడం కలిపితే ఇంకా ఎక్కువ. తాళం పట్టుకుని పాడే పిల్లలకి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఆరాధన రికార్డింగులో తని ఆవర్తనాన్ని విడిగా మిక్స్ చేసి గురువుగారికి వినిపించాను. మృదంగం ఎడమవైపు ట్రాక్ కాస్త పెంచమన్నారు, ఘటాన్ని కొద్దిగా పక్కకి జరపమన్నారు. అక్కడే, ఆయన ముందే, ఆ రెండూ మార్చి మళ్లీ వినిపించాను. పెన్‌డ్రైవ్‌లో రెండు కాపీలు అడిగి తీసుకెళ్లారు. ఇప్పుడు ఘటానికి కూడా మంచి కండెన్సర్ మైక్ ఒకటి చూస్తున్నాం. ఎస్ఎం57తో పని నడుస్తోంది కానీ, వేలి చివరలతో కొట్టే సన్నని నాదం దానికి పూర్తిగా అందడం లేదు.