తాడు కోసిన రాయి

"లాకును చూడాలంటే కాలువలకు నీళ్లు కట్టేశాకే చూడాలి. నీళ్లున్నప్పుడు సగం రాయి లోపలే ఉండిపోతుంది" అన్నారు పెదనాన్న. లాకు అంటే కాలువలో పడవల్ని ఎత్తి దించే రాతి గది. అందుకే మే నెల ఎండలో ఆయన్ని వెంటబెట్టుకుని ధవళేశ్వరంలో బస్సు దిగాను.

గోదావరి బ్యారేజి మీద కాసేపు నిలబడ్డాం. 1970లో మొదలై 1982లో పూర్తయింది, 175 గేట్లు. దీనికి ముందు ఇక్కడ రాతి ఆనకట్ట ఉండేది. 1847లో ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టించి, పక్కనున్న కొండ రాయినే కొట్టించి, 1852కల్లా నిలబెట్టాడు. కరవుకూ తుపానుకూ చితికిపోయిన సీమ ఇది. ఆనకట్ట పేరెత్తితే అందరూ వరి గురించే చెబుతారు, చెప్పాల్సిందే. కానీ ఆ కాలువలు పడవల కోసం కూడా తవ్వినవన్న సంగతి మరుగున పడిపోవడం నాకు బాధగా ఉంటుంది. కాకినాడ వైపు నుంచి బయలుదేరిన సరుకు ఏలూరు కాలువ, కృష్ణా కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా వెళ్లేది!

కాకినాడ కాలువ గట్టు పట్టుకుని దిగువకు వెళితే ఒక పాత లాకు. కొండవాగుల దగ్గర నీరు కిందికి దూకే బలంతో రాతి తిరగలి తిప్పి పిండి విసురుతారు. ఇక్కడ ఆ బలంతోనే బియ్యం పడవను ఎత్తేవారు, దించేవారు. రెండు రాతి గోడలు, ఆ చివర ఒక జత తలుపులు, ఈ చివర ఒక జత. తలుపులు ఎగువ వైపుకు ముక్కులా పొడుచుకొచ్చి కలుసుకుంటాయి. నీరు ఎంత తోస్తే అంత గట్టిగా బిగుసుకుంటాయి. పడవ లోపలికి రాగానే ఎగువ తలుపులు మూసి, దిగువ తూము తెరుస్తారు. నీరు జారిపోతూ పడవను మెల్లగా కిందికి దించుతుంది. రెండు పక్కలా నీటిమట్టం సమానమయ్యాక దిగువ తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి. ఇంజను లేదు, నూనె ఖర్చు లేదు.

నీళ్లు లేని ఆ గదిలో అడుగున ఎండి పగిలిన బురద, దాని మీద నత్తగుల్లలు. గోడల మీద పాచి ఎంత ఎత్తున ఆగిందో గీత గీసినట్టు తెలుస్తోంది.

"ఇటు రా" అని పిలిచారు పెదనాన్న. గోడ అంచు రాయి మీద వేలెడు లోతు గాడి, లోపల అద్దంలా నున్నగా ఉంది.

"పడవ దిగుతున్నంతసేపూ తాడు కొద్దికొద్దిగా వదులుతుండాలి. బిగబడితే పడవ ఒక పక్కకు వేలాడి బస్తాలు నీళ్లపాలవుతాయి. మా నాన్న వదులుతుంటే నేను చుట్ట విప్పి అందించేవాణ్ణి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు."

బొటనవేలు గాడిలో పెట్టి అటూ ఇటూ జరిపి చూశారు. తర్వాత లేచి, "అవతలి గోడకూ ఉండాలి" అంటూ తలుపుల మీది నడకపలక పట్టుకుని దాటారు. అక్కడ మూడు దొరికాయి.