మందు కొట్టాడన్నాను, మందు తాగాడని రాశారు

నిన్న సాయంత్రం అన్నయ్యను ఇంటికి తీసుకొచ్చాం. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. నా చొక్కాకు ఫినాయిల్ వాసన ఇంకా వదల్లేదు. కోపం ఎలాగూ వదల్లేదు కాబట్టి, అది చల్లారకముందే రాస్తున్నాను.

అన్నయ్య పొద్దున్నే పత్తికి మందు కొట్టడానికి వెళ్లాడు. మోనోక్రోటోఫాస్. 2023లో కేంద్రం నిషేధించిన మందే. కొట్టంలో పాత డబ్బా మిగిలి ఉంటే పారబోయడానికి మనసొప్పలేదు. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటాను. ట్యాంకు మూత దగ్గర కారి వీపంతా తడిసింది. ఎండకు చల్లగానే ఉందిలే అనుకున్నాడట. నాజిల్ మూసుకుపోతే రెండుసార్లు నోటితో ఊదాడు. పదకొండు గంటలకల్లా కళ్లు మసకబారాయి, ఒళ్లంతా చెమట, వాంతులు. గట్టు మీద కూలబడ్డాడు. 108 ఇరవై నిమిషాల్లో వచ్చింది. వాళ్లకు దండం.

అత్యవసర విభాగం ముందు బల్ల వేసుకుని కూర్చున్నాయన తల ఎత్తకుండానే "ఏమైంది?" అన్నాడు.

"మందు కొట్టి పడిపోయాడండీ."

"పట్టపగలేనా?"

పక్కనున్నవాడు కిసుక్కున నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆ మందు కాదండీ, పురుగుల మందు."

"అలా చెప్పు మరి" అని రాసేశాడు. ఇవతలి నుంచి తలకిందులుగా చదివాను. 'పురుగుల మందు తాగి' అని ఉంది.

"తాగలేదండీ, కొట్టాడు. పత్తికి."

"అందరూ అదే చెబుతారు. నోట్లోకి అసలు పోలేదా?"

అబద్ధం ఆడటం చేతకాదు నాకు. నాజిల్ ఊదిన సంగతి చెప్పాను.

"అదిగో!" అన్నాడు, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

మన భాషలో రోగానికి వేసుకునేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే, సాయంత్రం సీసాలో దొరికేదీ మందే. మా ఊళ్లో ఈ మూడింటి దగ్గర ఎవరూ తికమకపడరు. పత్తి పండే జిల్లాలో ఆ బల్ల దగ్గర జీతం తీసుకుంటున్నాయనకు మాత్రం తేడా తెలియలేదు.

పోనీ, రాత వరకేనా అంటే కాదు. 'తాగి' అని ఉండేసరికి లోపల కడుపు కడగడానికి గొట్టం సిద్ధం చేశారు. ఇంతలో డ్యూటీ డాక్టరమ్మ వచ్చి, అన్నయ్య నోటి దగ్గర వాసన చూసి, వీపు దగ్గర చూసి, "తడి చొక్కా ఇంకా ఒంటిమీదే ఉందా?" అని అరిచింది. నా మీదే. విషం మూడు గంటలుగా చర్మం గుండా లోపలికి పోతూనే ఉంటే, నేను ఆ చొక్కాతోనే ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకొచ్చాను. చేతికి తొడుగులు వేసుకుని కత్తెరతో చొక్కా కోసి, సబ్బునీళ్లతో తల నుంచి కాళ్ల దాకా కడిగారు. గొట్టం పక్కన పెట్టేశారు.

తరువాతి వైద్యంలో వంక పెట్టడానికి లేదు. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి, నోటి నుంచి చొంగ, ఛాతీలో గురగుర. నరాల సందేశాన్ని పని పూర్తయ్యాక తుడిచేసే ఎంజైము ఒకటి ఒంట్లో ఉంటుందట. ఈ విషం దాన్ని కట్టేస్తుంది. ఇక అన్నీ కారుతూనే ఉంటాయి. అట్రోపిన్ ఆ కారడాన్ని ఆపుతుంది. సిస్టర్ చిన్న గాజు ఆంప్యూళ్ల మెడలు టక్ టక్‌మని విరుస్తూ ఎక్కిస్తోంది. అయిదు నిమిషాలకోసారి ఛాతీ వినడం, నాడి చూడటం, చంకలో చెయ్యి పెట్టి తడి ఆరిందో లేదో చూడటం, ఆరకపోతే మోతాదు రెట్టింపు. ట్రేలో ఖాళీ గాజులు కుప్పపడ్డాయి. కట్టుబడిన ఎంజైమును విడిపించడానికి పామ్ అనే ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. అది ఎంత మేలు చేస్తుందన్న దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదట. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, అందుకే ఆమె అంటే గౌరవం.

రెండో రోజు అన్నయ్య దుప్పటి మీద పత్తి ఏరడం మొదలుపెట్టాడు. వేళ్లు ముడుస్తాడు, లాగుతాడు, లేని సంచిలో వేస్తాడు. మతి పోయిందని వదిన గుండెలు బాదుకుంది. అట్రోపిన్ ఎక్కువైతే అలా అవుతుందట. మోతాదు తగ్గించాక ఆగింది. ఆ తరువాత మూడు రోజులు పూటపూటకూ "దిండు మీంచి తల ఎత్తు" అనేవారు. బాగయ్యాడనుకున్నాక కూడా మెడ కండరాలు పడిపోయి, ఆపైన ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుందట. అందుకే, కళ్లు తెరిచాడు కదా అని మనిషిని ఇంటికి తీసుకెళ్లిపోకండి.

ఈ మధ్యలోనే కానిస్టేబుల్ వచ్చాడు. విషం కేసు అయితే పోలీసులకు కబురు వెళ్లడం రివాజే, దానికి అభ్యంతరం లేదు. వార్డులో ముప్ఫై మంది వింటుండగా వదినను "మీ ఇద్దరికీ గొడవేమిటి?" అని అడిగాడు. "అప్పులెంత?" అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. నిజంగా తాగినవాడి ఇంటివాళ్లనైనా అలా అడగవచ్చా? అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. అతనికి ఈ మాట చెప్పాను. "మీరు లాయరా?" అన్నాడు. జిరాక్సు షాపు నడుపుతానన్నాను.

ఆ 'తాగి'ని దిద్దించడానికి నాలుగు రోజులు తిరిగాను. రాసినవాడే దిద్దాలన్నారు. రాసినవాడు రాత్రి డ్యూటీకి మారాడు. రాత్రి వెళితే రిజిస్టరు బీరువాలో ఉంది, తాళం పగటివాళ్ల దగ్గర ఉంది. చివరికి కత్తిరించిన చొక్కాను మూటకట్టిన ప్లాస్టిక్ సంచితో సహా పట్టుకెళ్లి డాక్టరమ్మ ముందు నిలబడ్డాను. ఆమె కేసు షీటులో స్వయంగా రాసి సంతకం చేసింది.

మీకు ఇలాంటి అవసరం పడితే ముందు బట్టలు విప్పి సబ్బుతో కడగండి, మీ చేతులకు ఏదైనా తొడుక్కోండి. మజ్జిగ, చింతపండు నీళ్లు పోసి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి, విరుగుడు పేరు దాని మీదే ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117లో పగలూ రాత్రీ పలుకుతుంది. బల్ల దగ్గర మాత్రం 'మందు కొట్టాడు' అనకండి. 'చేనుకు పిచికారీ చేస్తుంటే విషం ఒంటికి అంటింది' అని అచ్చంగా ఇవే మాటలు చెప్పి, రాసింది చదివి వినిపించమనండి.

డిశ్చార్జి చీటీలో కూడా మొదట 'తాగి' అనే వచ్చింది. దాన్ని కొట్టేసి, పైన 'పిచికారీలో' అని రాసి ముద్ర వేశారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ వదిన ముందు ఆ కొట్టివేత చూపించి, ఆ తరువాతే మంచినీళ్లు ఇస్తోంది.