బేళ్ల నంబర్ల దాకా వెళ్ళాల్సి వచ్చింది

2023 అక్టోబరులో ఒక గురువారం పొద్దున్నే కస్టమ్స్ బ్రోకర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. వియత్నాంలో కుట్టించిన మా సరుకు రెండు కంటైనర్లలో పోర్టుకు చేరింది. ఒకదాంట్లో బెడ్‌షీట్లు, ఇంకోదాంట్లో దిండు గలీబులు. రెండూ ఆపేశారు. నోటీసులో రాసిన కారణం, ఉయ్‌ఘుర్ నిర్బంధ శ్రమ నివారణ చట్టం.

నేను పనిచేసేది న్యూజెర్సీలో ఒక చిన్న దిగుమతి కంపెనీలో. కాగితాలన్నీ చూసుకునేది నేనొక్కదాన్నే. సరుకు వియత్నాంది కదా, చైనాలో ఎక్కడో ఉన్న, ఉయ్‌ఘుర్లనే ముస్లిం జనం ఉండే షిన్‌జియాంగ్‌తో మాకేం సంబంధం అనుకున్నాను. కుట్టింది ఎక్కడో కాదు, ఆ గుడ్డలోని పత్తి ఎక్కడ పండిందో చూస్తారని బ్రోకర్ చెప్పాడు. ప్రపంచంలో పండే పత్తిలో దాదాపు ఐదో వంతు షిన్‌జియాంగ్‌దే. అది నూలుగా, గుడ్డగా మారి ఎన్ని దేశాలు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఆ రాత్రి చట్టం మొత్తం చదివాను. నిర్బంధ శ్రమతో తయారైన వస్తువులను అమెరికాలోకి రానివ్వకూడదన్న నిబంధన 1930 టారిఫ్ చట్టంలోనే ఉంది. కానీ దేశంలో గిరాకీకి సరిపడా ఉత్పత్తి లేకపోతే తెచ్చుకోవచ్చని ఒక మినహాయింపు పెట్టారు. ఆ సందు 2016 దాకా మూసుకోలేదు. 2021 జనవరిలో షిన్‌జియాంగ్ పత్తిని, టమాటాను కస్టమ్స్ వాళ్ళు ఆపడం మొదలుపెట్టారు. అదే ఏడాది డిసెంబరు 8న ప్రతినిధుల సభలో ఈ బిల్లు మొదటి రూపానికి 428 ఓట్లు అనుకూలంగా, ఒక్క ఓటు వ్యతిరేకంగా పడ్డాయి. డిసెంబరు 23న బైడెన్ సంతకం చేశారు. 2022 జూన్ 21 నుంచి అమలు.

చట్టంలోని అసలు సంగతి ఒకటే. షిన్‌జియాంగ్‌లో పూర్తిగా గానీ కొంత గానీ తయారైన ప్రతి వస్తువూ నిర్బంధ శ్రమతో తయారైనట్టే లెక్క. కాదని నిరూపించే బాధ్యత దిగుమతి చేసుకునేవాళ్ళది. మొదటిసారి చదివినప్పుడు ఇది అన్యాయమనిపించింది. తప్పు చేశామని వాళ్ళు నిరూపించాలి గానీ, చేయలేదని మేం నిరూపించడం ఏమిటి?

తర్వాత ఆ పత్తి ఎలా తీయిస్తున్నారో చదివాను. చైనా ప్రభుత్వ పత్రాల ఆధారంగా పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం, 2018లో షిన్‌జియాంగ్‌లోని ఆక్సు, హోతాన్, కాష్గర్ ప్రాంతాల నుంచే కనీసం 5,70,000 మందిని పత్తి తీతకు తరలించారు. పేదరిక నిర్మూలన అని దానికి పేరు. చైనా ప్రభుత్వం ఇదంతా అబద్ధమంటుంది, అందరూ ఇష్టపడే వెళ్తున్నారంటుంది. కానీ అధికారులు ఇంటికొచ్చి పేరు రాసుకున్నాక రానని చెప్పడం అక్కడ ప్రమాదం. 2017 నుంచి లక్షల మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టిన చోటది.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు మా పొలంలో పత్తి తీతలకు వచ్చిన ఆడవాళ్ళు నాకు గుర్తున్నారు. కూలి చాలా తక్కువ, కష్టం చాలా ఎక్కువ. అయినా రేటు గిట్టకపోతే "రేపు రామమ్మా" అని మా అమ్మ మొహం మీదే చెప్పేవాళ్ళు. బిడ్డకు జ్వరమొస్తే మానేసేవాళ్ళు. ఆ ఒక్క మాట అనలేని మనుషులు తీసిన పత్తి మా గలీబుల్లో ఉందేమో! అప్పటిదాకా నా టెన్షన్ అంతా పోర్టు అద్దె గురించే. షిన్‌జియాంగ్ లాంటి చోట, పని పరిస్థితులు తనిఖీ చేసే ఏ ఆడిటరూ స్వేచ్ఛగా కూలీలతో మాట్లాడలేడు. 2020లోనే పేరున్న ఆడిట్ సంస్థలు కొన్ని అక్కడికి వెళ్ళబోమని చెప్పేశాయి. చూసి రావడమే కుదరని చోట, నిరూపించే భారం కొనేవాళ్ళ మీద పెట్టక ఇంకెవరి మీద పెడతారు?

మాకు రెండు దారులున్నాయి. సరుకులో షిన్‌జియాంగ్‌ది ఏదీ లేదని చూపించడం ఒకటి. ఉందని ఒప్పుకొని, నిర్బంధం మాత్రం లేదని తిరుగులేని ఆధారాలతో నిరూపించడం రెండోది. రెండోదారిలో మినహాయింపు ఇస్తే దాన్ని అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు నివేదించి బయటపెట్టాలి. మేం మొదటిదే ఎంచుకున్నాం. జవాబుకు ముప్పై రోజులు, ఇంకా కావాలంటే గడువు అడగవచ్చు. బేలు, అంటే అదిమి కట్టిన పత్తి మోపు, దగ్గర్నుంచి దుప్పటి దాకా ప్రతి మెట్టుకూ కొనుగోలు ఆర్డరు, డబ్బు కట్టిన రుజువు, రవాణా కాగితం, ఉత్పత్తి రికార్డు సేకరించాలి. అన్నిటికీ ఇంగ్లీషు అనువాదాలు, ఏది ఎక్కడ జరిగిందో చూపే పటం జతచేయాలి.

బెడ్‌షీట్ల పని తేలిగ్గానే అయింది. నూలు వియత్నాం మిల్లుది, పత్తి అమెరికాది. ఇక్కడి ప్రతి బేలుకూ పన్నెండంకెల నంబరుంటుంది. మొదటి ఐదంకెలు పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లువి, మిగతా ఏడూ బేలువి. మిల్లువాళ్ళు మొత్తం జాబితా పంపారు.

గలీబుల నూలు చైనాలో తూర్పువైపు ఒక మిల్లు నుంచి వచ్చింది. పత్తి బ్రెజిల్‌దని రాసిచ్చారు, దిగుమతి కాగితాలూ ఇచ్చారు. చూడటానికి అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ బ్యాచ్‌కు వాడిన పత్తి 40 టన్నులు, అందులోంచి అమ్మిన నూలు 47 టన్నులు. చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్ళు పనిచేసిన మా బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, వంద కేజీల దూదికి నూలెంత వస్తుంది?"

"కార్డెడ్ అయితే ఎనభై ఐదు, ఎనభై ఆరు వస్తే గొప్పమ్మా. బ్లో రూములో, కార్డింగులో వేస్టు పోద్ది కదా. కోంబ్డ్ అయితే ఇంకా తగ్గుద్ది."

"నూటికి నూట పదిహేడు వచ్చిందని రాశారు."

"అయితే వేరే దూది కలిపారు. అది ఎక్కడిదో అడుగు."

అడిగాను, మూడుసార్లు. మూడోసారి జవాబు కూడా రాలేదు.

ఆ కాగితాలు అలాగే పంపేద్దాం, ఎవరు లెక్కేస్తారు అని మా ఆఫీసులో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. నా పేరుతో వెళ్ళే ఫైలులో ఆ లెక్క పెట్టనని రాతపూర్వకంగా చెప్పాను. బెడ్‌షీట్ల ఫైలు పంపాం, దాదాపు రెండున్నర నెలలకు విడుదల చేశారు. గలీబుల కంటైనర్‌ను తిరిగి ఎగుమతి చేయాలని మా ఓనరు నిర్ణయించాడు. చట్టం దానికి ఒప్పుకుంటుంది. ఇలాంటి చట్టం లేని దేశంలో ఒక కొనుగోలుదారు దొరికాడు, జనవరిలో సరుకు వెళ్ళిపోయింది. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. చట్టంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే. ఒక దేశం తలుపేస్తే సరుకు ఇంకో తలుపు వెతుక్కుంటుంది. యూరోపియన్ యూనియన్‌లో నిర్బంధ శ్రమ వస్తువుల మీద చట్టం 2024లో వచ్చినా 2027 డిసెంబరు 14 నుంచే వర్తిస్తుంది. పైగా అక్కడ నిరూపించే భారం అధికారులదే. మా ఫైలు చూసినదాన్ని గనుక చెబుతున్నాను, ఆ పద్ధతిలో అయితే మా గలీబులు దాటిపోయి ఉండేవి.

ఇప్పుడు మా కంపెనీలో గుడ్డ కోయకముందే బేళ్ల జాబితా నాకు రావాలి. ఈ వారం వచ్చిన ఆర్డరులో 212 నంబర్లున్నాయి. నిన్నటికి 140 సరిచూశాను.