దొమ్మ రోగం వచ్చిన గూడెంలో గుంత తవ్వించడం: నా అనుభవం

అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, పాడేరు వైపు గూడేలకు దొమ్మ రోగం, అంటే పశువుల నుంచి మనుషులకూ సోకే ఆంత్రాక్స్, కొత్తది కాదు. "చచ్చిన గొడ్డును కోయొద్దు, తినొద్దు" అని మైకులో చెప్పి వచ్చేస్తే ఏ పనీ జరగదు. ఆ మాంసం పోగులు వేసి పంచితే నష్టపోయిన రైతు చేతికి నాలుగు రూపాయలు వస్తాయి, గూడేనికి ఒక పూట కూర దొరుకుతుంది. అందుకే గూడెం పెద్దలతో కూర్చున్నప్పుడు నేను ముందు అడిగేవి రెండే: పాతిపెట్టే చోటు ఎక్కడ, గడ్డపారలు ఎవరింట్లో ఉన్నాయి. ఇవి వేసవిలోనే తేలాలి. గొడ్డు పడిపోయాక బేరమాడుతూ కూర్చుంటే ఈలోగా కత్తి పడుతుంది.

నిన్నటిదాకా మేసిన పశువు హఠాత్తుగా చనిపోయి, త్వరగా ఉబ్బి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారిందంటే దొమ్మ అనే అనుకోవాలి. రక్తం కారకపోయినా అనుమానం వదలొద్దు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయాలి. పశువైద్యులు చెవి కొన నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీస్తారు, అంతకుమించి కోత ఉండదు. కళేబరాన్ని కోస్తే లోపలి క్రిములకు గాలి తగిలి బీజాలుగా, అంటే తేలిగ్గా చావని స్పోర్లుగా మారతాయి. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, మామూలు ఉడుకుకు చావవు. "బాగా ఉడికిస్తే ఏం కాదు" అనేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇదే. పైగా వండేవాళ్లకంటే ముందు ముప్పు కోసేవాళ్లకు, తోలు ఒలిచేవాళ్లకు.

గుంత ఆరడుగుల లోతుండాలి. ఆవుకైతే ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మెత్తటి నేలలో నలుగురికి సగం రోజు పని, రాతి నేలలో ఇంకా ఎక్కువ. వాగుకు, బావికి దూరంగా, వీలైనంత వరకు గొడ్డు పడిన చోటికి దగ్గరగా తవ్వాలి. ముక్కు, నోరు, మలద్వారం క్రిములను చంపే ఫార్మలిన్ మందులో తడిపిన గుడ్డలతో మూసి, టార్పాలిన్ మీద జరపాలి. నేల మీద ఈడిస్తే దారంతా బీజాలు చల్లినట్టే. రక్తం పడిన మట్టి, గడ్డి కూడా గుంతలోకే. సున్నం చల్లడం మన దగ్గర అలవాటు కానీ, అది బీజాలను చంపుతుందన్న ధీమా వద్దు. అందులోని కాల్షియం వాటికి మేలే చేస్తుందన్న వాదన కూడా ఉంది. కాపాడేది లోతే.

అప్పటికే కోసేసి ఉంటే తిట్టకూడదు. తిడితే పేర్లు బయటికి రావు. కోసినవాళ్లు, మోసినవాళ్లు, తిన్నవాళ్ల జాబితా ఆశ కార్యకర్త రాసుకుని పది రోజులు చూడాలి. చేతి మీద దురదతో పొక్కు లేచి, నొప్పి లేకుండా మధ్యలో నల్లగా మాడినట్టయితే వెంటనే ఆసుపత్రికి పంపాలి. నొప్పి లేదు కాబట్టే జనం పట్టించుకోరు. తొలి దశలో యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

టీకా ఏటా వానలకు ముందు. పశువుకు 1 మి.లీ., గొర్రె, మేకలకు 0.5 మి.లీ., చర్మం కింద. ఇది బతికున్న బీజాల టీకా, కాబట్టి యాంటీబయాటిక్ వాడుతున్న పశువుకు వేస్తే వృథా. మంద ఉదయమే మేతకు వెళ్లిపోతుంది, ఆరింటికల్లా గూడెంలో ఉండాలి. ఒకట్రెండు రోజులు పాలు తగ్గొచ్చని, సూది వేసిన చోట వాపు రావచ్చని ముందే చెప్పకపోతే మరుసటేడు సగం గొడ్లను దాచేస్తారు.

పాతిన చోట ముళ్లకంప వేసి, గుర్తుగా రాయి పాతి, ఆ స్థలాన్ని పంచాయతీ రిజిస్టర్‌లో రాయించాలి. లేకపోతే పదేళ్ల తర్వాత ఎవరో అక్కడే ఇంటి పునాది తవ్వుతారు.