పనుల మధ్య దొరికే నిమిషాల్లో ప్రార్థన: నా అనుభవం

ఉదయం లేవగానే వాక్యం చదివి మోకరించే అలవాటు నాకు ఎప్పటినుంచో ఉంది. చిక్కంతా ఆ తర్వాతే. ‘ఆమేన్’ అని లేచాక మళ్లీ రాత్రి పడుకునే వరకు ప్రభువు తలపుకు రావడం అరుదు. పని ఒత్తిడి అని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. వరుసలో నిలబడినప్పుడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నప్పుడు, ఒంటరిగా నడుస్తున్నప్పుడు ఖాళీ దొరుకుతూనే ఉండేది. దాన్ని ఫోను మింగేసేది.

ఆ ఖాళీల్లో ప్రార్థించడం మొదలుపెట్టాక తెలిసింది, ఉదయపు ప్రార్థన వాటిలో పట్టదని. స్తుతితో ఆరంభించి విజ్ఞాపనకు వచ్చేలోగా నా వంతు వచ్చేసేది. మరి ఎంత చిన్నదైతే ప్రార్థన అనిపించుకుంటుంది? జవాబు నెహెమ్యా గ్రంథం రెండో అధ్యాయంలో దొరికింది. నీకేం కావాలని పారసీక రాజు అర్తహషస్త, తన కొలువులోని యూదుడైన నెహెమ్యాను అడుగుతాడు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య నెహెమ్యా ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేస్తాడు. రాజుకు గిన్నె అందించేవాడు ఆయన ఎదుటే ఎంతసేపు కళ్లు మూసుకోగలడు? ఒక్క మాట అయి ఉంటుంది. అయితే యెరూషలేము దుస్థితి విన్న కిస్లేవు నెలలోనే అతడు ఉపవాసంతో ప్రార్థన మొదలుపెట్టాడు. రాజు అడిగింది నీసాను నెలలో, అంటే దాదాపు నాలుగు నెలల తర్వాత. ఆ ఒక్క మాట వెనుక అంత ప్రార్థన ఉంది. అందుకే ‘తీరిక లేదు, ఖాళీ నిమిషాల్లో చేసుకుంటే చాలు’ అనే వాదన నేను ఒప్పుకోను. ఉదయం ప్రార్థన కుదరని రోజున నా పగటి ప్రార్థన కూడా ఎండిపోతుంది.

ఆ ఒక్క మాట ఏదై ఉండాలి? ఐదో శతాబ్దం ఆరంభంలో జాన్ కాసియన్ అనే క్రైస్తవ సన్యాసి, ఐగుప్తు సన్యాసుల దగ్గర నేర్చుకున్నదంటూ 70వ కీర్తన మొదటి వచనాన్ని ఎడతెగక చెప్పుకోమన్నాడు: ‘దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము.’ కోపం నోటిదాకా వచ్చినప్పుడు నాకు ఇంతకంటే పనికొచ్చిన మాట లేదు. మిగతా వేళల్లో 119వ కీర్తన. ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు, మొత్తం 176 వచనాలు. ఉదయం ఒక్క వచనం కంఠస్థం చేస్తే పగలంతా నెమరువేయడానికి సరిపోతుంది. ఫోనులో బైబిలు ఉంది కదా అనకండి. దాన్ని తెరిచిన వేలు వచనం దగ్గర ఆగదు.

మనసు చెదరడమే అన్నిటికన్నా కష్టం. వచనం మధ్యలో తీర్చాల్సిన బాకీ గుర్తుకొస్తుంది, మాట తూలిన బంధువు గుర్తుకొస్తాడు. మొదట్లో వాటిని తోసేసి మళ్లీ వచనానికి వచ్చేవాడిని. ఇప్పుడు తోయను. గుర్తుకొచ్చిన మనిషినే పేరు పెట్టి ప్రభువు ముందు ఉంచుతాను. మనసు ఎక్కడ తిరుగుతోందో అదే ఆ పూట నా ప్రార్థనాంశం. నేను ఇంకా క్షమించని వాళ్లు ఎవరో ఇలాగే బయటపడింది. మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఆ పేర్లు ఎన్నడూ నోటికి రాలేదు.

మధ్యలో ఎవరైనా పిలిస్తే చిరాకు వచ్చేది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థిస్తాడు. సీమోనూ అతనితో ఉన్నవారూ అక్కడికీ వెంటపడి వచ్చి, అందరూ నిన్ను వెదుకుతున్నారంటారు. ఆయన విసుక్కోడు, సమీప గ్రామాలకు వెళ్దాం రండి అంటాడు. ఇది చదివాక నా కసురు తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

ఏ మాటా రాని వేళలూ ఉంటాయి. అప్పుడు 46వ కీర్తనలోని ‘ఊరకుండుడి’ అనే పిలుపు చాలు. (తీరిగ్గా కూర్చున్నవారికి చెప్పిన మాట కాదది. ఆ కీర్తన నిండా భూమి మార్పు చెందడం, రాజ్యాలు కదలడం, యుద్ధాలే.)

పాపపు ఒప్పుకోలును మాత్రం ఈ నిమిషాలకు వదలను. హడావుడిగా ఒప్పుకున్నది నేను హడావుడిగానే మరచిపోతాను. పగలు తట్టిన తప్పును జేబులోని కాగితం మీద ఒక్క ముక్కగా రాసుకుని, రాత్రి ప్రార్థనకు అట్టిపెట్టుకుంటాను.