నీళ్ళ క్యాన్ అబ్బాయి ముఖం

గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే రోడ్డు మీద, లాం దాటాక, మిరప కళ్ళాల పక్కన ఉంది మేం వెళ్ళిన ధ్యాన కేంద్రం. మార్చి నెల. పక్క కళ్ళంలో కాయలు తొక్కి బస్తాలకెత్తుతున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఘాటు హాల్లోకి వచ్చేది. "సమస్త ప్రాణులూ సుఖంగా ఉండాలి" అని కళ్ళు మూసుకుని కూర్చుంటే ఒకరి తర్వాత ఒకరికి దగ్గు. మౌనం పాటించమన్నారు సరే, దగ్గుకి మౌనమేంటి!

ఫోన్లు లాకర్లో. తెల్లవారుజామున గంట, పదకొండింటికి భోజనం, సాయంత్రం మరమరాలు, మజ్జిగ. విజయవాడలో రాత్రి పదింటికి తినే నాకు కూడా ఇవన్నీ తొందరగానే అలవాటైపోయాయి. కష్టమంతా మైత్రీ భావనతోనే, అంటే ఒక్కొక్కరినీ తలుచుకుని వాళ్ళ సుఖం కోరుకునే ధ్యానంతోనే.

పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో దీన్ని మెత్తా అంటారు. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు రాసిన విశుద్ధిమగ్గం అనే పుస్తకంలో దీని పద్ధతంతా ఉంది. ఆయనది మన గుంటూరు ప్రాంతమేనని కొందరు పండితుల అభిప్రాయం. మాస్టారు ఆ మాట అనగానే హాల్లో అందరం కాస్త సర్దుకుని కూర్చున్నాం, మనవాడే కదా అని. ముందు మన కోసం మనం కోరుకోవాలి. తర్వాత గౌరవం, ఇష్టం ఉన్న మనిషి. ఆ తర్వాత ఇష్టమూ కోపమూ ఏదీ లేని మనిషి. ఆఖరున పగవాడు. చనిపోయినవాళ్ళని తీసుకోకూడదు. నా పక్కనున్న పెద్దావిడ వాళ్ళమ్మని తలుచుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే మాస్టారు దగ్గరికొచ్చి, "పోయినవాళ్ళని తలుచుకుంటే దుఃఖమే ముందొస్తుందమ్మా. బతికున్నవాళ్ళని తీసుకోండి" అన్నారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అయితే మా మనవరాలు" అంది, మౌనం సంగతి మర్చిపోయి.

నా పగ మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే చిట్టీలు వేసి, నా పాట డబ్బులు నలభై వేలు ఎగ్గొట్టిన పై ఫ్లోర్ ఆవిడ. తలుచుకోగానే వచ్చేసింది, ముక్కుపుడకతో, "ఇస్తానండీ, ఎక్కడికి పోతాను" అని సాగదీసే గొంతుతో సహా. ఆగిపోయింది మాత్రం మూడో మనిషి దగ్గర. రోజూ వాటర్ క్యాన్ తెచ్చే అబ్బాయిని అనుకున్నాను. లిఫ్ట్ పనిచేయని రోజు నాలుగో అంతస్తు దాకా భుజాన మోసుకొస్తాడు. నీలం క్యాన్ కనిపిస్తోంది, దాని కింద తడిసిపోయిన చొక్కా కనిపిస్తోంది, ముఖం మాత్రం రాదు. సన్నగా ఉంటాడా, మీసం ఉందా? ఏమీ తెలియదు. ఎగ్గొట్టిన ఆవిడ ముక్కుపుడకలో రాయి రంగు సహా గుర్తుంది. "చాలామంది ఇక్కడే ఆగిపోతారు" అన్నారు మాస్టారు.

పగవాడి విషయంలో బుద్ధఘోషుడు చాలా ఉపాయాలే చెప్పాడు. ఒకటి వింటే నవ్వొచ్చింది. కోపం తగ్గకపోతే, నీ కోపం అతని తలవెంట్రుకల మీదా, రోమాల మీదా, గోళ్ళ మీదా అని విడదీసి నిన్ను నువ్వే ప్రశ్నించుకోమంటాడు. ఆవిడ జడ మీద నాకేం కోపం? గోళ్ళ మీద? లేదు. అలా అడుగుతూ పోతే చివరికి తేలింది, నా కోపం నలభై వేల మీద. అదే మాస్టారితో అంటే, "డబ్బులడగొద్దని ఎవరన్నారమ్మా? అడగండి. తిట్టుకుంటూ అడగక్కర్లేదు" అన్నారు.

అదే పుస్తకంలో దొంగల కథ ఒకటుంది. నువ్వు, ఇష్టుడు, మధ్యస్థుడు, పగవాడు ఒకచోట కూర్చుని ఉండగా దొంగలొచ్చి, బలివ్వడానికి ఒకరిని ఇమ్మంటారు. ఎవరిని ఇస్తావు? మా బ్యాచ్‌లో ఒకాయన మెచ్చుకుంటారనుకుని "నన్నే తీసుకెళ్ళమంటాను" అన్నాడు. అదీ కుదరదట. నలుగురిలో ఏ ఒక్కరినీ ఇవ్వాలనిపించనప్పుడే మధ్యలో గీతలు చెరిగినట్టు. త్యాగాల కథలు వింటూ పెరిగిన మనకి ఇది ఓ పట్టాన మింగుడుపడదు. నాకైతే అన్నిటికంటే ఇదే నచ్చింది. ఇంటిల్లిపాదికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది తినే ఆడవాళ్ళకి ముందు ఈ కథ చెప్పాలి.

చివరి రోజు అందరినీ అమరావతి తీసుకెళ్ళారు. అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, మహాచైత్యం, ఇప్పుడు గుండ్రటి దిబ్బ, చుట్టూ విరిగిన పలకలు. మంచి శిల్పాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. అక్కడే చెట్టు కింద నిలబెట్టి మాస్టారు ఒక ఫొటో చూపించారు. ఈ స్తూపం నుంచి వెళ్ళిన సున్నపురాతి పతకం, అంటే గుండ్రటి శిల్పం. బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడు మదమెక్కిన నాళాగిరి ఏనుగుని రాజగృహం వీధిలోకి వదిలితే, బుద్ధుడు మైత్రితోనే దాన్ని లొంగదీశాడని కథ. శిల్పి ఒకే ఏనుగుని రెండుసార్లు చెక్కాడు. ఒకచోట మనిషిని తొండంతో పట్టి విసురుతోంది, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లింది. పైన కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు, అచ్చం గొడవైనప్పుడు మా అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోలాగే. ఏనుగు కంటే వాళ్ళనే ఎక్కువసేపు చూశాను.

అసలు పతకం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. పొద్దున్నే బెజవాడలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటాం. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాను. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.