తిథి చూసుకోకుండా హోప్ ఐలాండ్‌కు

కాకినాడకు ఎదురుగా సముద్రంలో పొడుగ్గా పడుకున్న ఇసుక తిన్నె హోప్ ఐలాండ్‌ను చూసి నిన్న రాత్రే ఇంటికి చేరాం. నా కాలిగోళ్లలో బురద ఇంకా పూర్తిగా పోలేదు. అనుమతి పత్రం, ఆధార్ నకళ్లు, లైఫ్ జాకెట్లు ఇవేవీ మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బందంతా పడవ కుదిర్చిన మధ్యవర్తి వల్లే వచ్చింది.

ఉదయం ఏడింటికల్లా బయలుదేరదీస్తానని చెప్పి మూడు వేల రూపాయలు అడ్వాన్సు పుచ్చుకున్న ఆ పెద్దమనిషి, ఇంకో బృందాన్ని కూడా అదే పడవలో ఎక్కించాలన్న ఆశతో మమ్మల్ని పదకొండింటి వరకు ఒడ్డున ఎండబెట్టాడు. "నీళ్లు తీసేత్తాయండి, ఎళ్లిపోదాం" అని పడవ నడిపే సరంగు రెండుసార్లు గొణిగినా అతను వినలేదు, నేనూ పట్టించుకోలేదు. కోనసీమలో పుట్టి, ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి కనుక, గోదావరి ఒండ్రు సుమారు 200 ఏళ్లలో ఈ దీవిని ఎలా మేట వేసిందో, అది అలలకు అడ్డు నిలిచి కాకినాడ రేవును ఎలా కాస్తున్నదో, 1839 నవంబరు తుపాను కోరంగి రేవును ఎలా తుడిచిపెట్టిందో మా బావగారికి వివరిస్తూ కూర్చున్నాను.

దీవి మీద గడిపింది రెండు గంటలే అయినా ఆ రెండు గంటలకూ వంక పెట్టలేను. మత్స్యకారుల పాకల ముందు చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు మా అక్కయ్యను కూర్చోబెట్టి ఊరు, పేరు, పిల్లల సంగతులు అడిగారు. రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన ఆలివ్ రిడ్లీ తాబేలు జాడ ఇసుక మీద చెదరకుండా ఉంది: మధ్యలో పొట్ట ఈడ్చిన చార, దానికి అటూ ఇటూ తెడ్లు వేసినట్టు కాళ్ల గుర్తులు. ఒక్కో గుంటలో నూరుకు పైగా గుడ్లు పెడుతుందనీ, పిల్లలు ఆడవో మగవో ఇసుక వేడిని బట్టి తేలుతుందనీ అక్కడ కూడా పాఠం చెప్పాను.

తిరుగు ప్రయాణంలో మడ అడవి పాయలోకి తీసుకువెళ్లడం ఒప్పందంలో భాగం. నల్లమడ చెట్ల శ్వాసవేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉన్న చోట, సరిగ్గా మూడింటికి, పడవ అడుగు నేలకు తగిలి ఆగిపోయింది. ముందురోజు పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎంత ఎత్తుకు లేస్తుందో ఆటు అంత కిందికి దిగిపోతుందని నేను ఎన్ని వందల మంది చేత పరీక్షల్లో రాయించానో లెక్కలేదు. మా బావగారు పంచాంగంలో దుర్ముహూర్తం చూశారు గాని, అదే పేజీలో ఉన్న తిథిని చూసి నీటి సంగతి ఆలోచించాలని మా ఇద్దరికీ తోచలేదు.

గెడకర్ర వేసినా పడవ కదలకపోవడంతో, సరంగు వద్దంటున్నా, గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణని ప్రకటించి దిగి పడవను నెట్టబోయాను. మొదటి అడుగుకే మోకాలి వరకు, రెండో అడుగుకు తొడల వరకు దిగిపోయాను. లాగిన కాలు రాలేదు, చెప్పు మాత్రం శాశ్వతంగా లోపలే ఉండిపోయింది. పీతలు పట్టుకుంటున్న ముగ్గురు ఆడవాళ్లు నవ్వుకుంటూ వచ్చారు, వాళ్లలో పెద్దావిడ ఒక చెక్క విసిరి, "కాళ్లు లాగకండి మేస్టారూ, ఇంకా దిగిపోతారు. బోర్లా పడుకుని పాకండి" అంది. అక్కయ్య, బావగారు, ఆ రెండో బృందంలోని కుర్రాళ్లు అందరూ చూస్తుండగా చెక్క మీద పొట్ట ఆనించి, చేతులతో బురదను వెనక్కి తోసుకుంటూ పడవ దాకా పాకాను. వెనక్కి తిరిగి చూస్తే నా జాడా అచ్చం అదే: మధ్యలో చార, అటూ ఇటూ తెడ్లు. కుర్రాళ్లలో ఒకడు దాన్ని ఫోటో తీశాడు.

"తిథి చూసుకోకుండా ఎలా వచ్చేరండీ?" అని పెద్దావిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పోటు వచ్చి పడవను లేపేసరికి ఏడైంది. వెళ్లదలచినవారు మధ్యవర్తితో కాక నేరుగా సరంగుతోనే మాట్లాడి, ఏ పూట నీళ్లు ఉంటాయో అతన్నే అడిగి బయలుదేరండి. అడ్వాన్సు అయిదువందలు దాటనివ్వకండి.

రేవులో దిగాక చూస్తే మధ్యవర్తి లేడు, అతని ఫోనూ మోగలేదు. ఆటో అబ్బాయి నన్ను కిందికీ పైకీ చూసి, ఏమీ అనకుండా, సీటు మీద గోనెసంచి పరిచాడు.